మూట యెవరు కట్టవలెను?

మన పాఠశాలలోని కాడెట్టు విద్యార్థులు ప్రతి సంవత్సరమును డిసెంబరు మాసమున నొక శనివారము ఉదయమున బయలువెడలి, ఆదివారము సాయంకాలమునకు మఱలివచ్చునట్లు ఒక చిన్న శిబిరమునకుఁ బోవుట వాడుకగా నున్నది. ఆ శిబిరమునందలి యాటలను, రాత్రి మంటచుట్టును గూర్చుండి పాడిన పాటలను, కొండమీఁది సూర్యోదయమును వర్ణించుచు ఈ సంచికలో విద్యార్థులు ఏటేట వ్రాయుచునే యున్నారు; మేము చదివి సంతసించుచునే యున్నాము. నేను వ్రాయఁబూనినది శిబిరమును గుఱించి కాదు. శిబిరమునకు ముందటి శుక్రవారపు రాత్రిని గుఱించి.

ఆ రాత్రి మన విద్యార్థుల యిండ్లలో జరుగునది నాకుఁ గొంత తెలియును. ఏలయన నేనును ఇద్దఱు బిడ్డల తండ్రినే. వంటయింట పొయ్యి రాత్రి పది గంటలదాఁక ఆఱదు. తల్లి యొకవంక మురుకులు వేఁచుచు, ఒకవంక దుప్పట్లు మడచుచుండును. తండ్రి అంగడినుండి క్రొత్త టార్చిలైటును, దానికి బ్యాటరీలను దెచ్చును. అవ్వ తన తలదిండు నిచ్చును. చెల్లెలు బూట్లకు పాలిషు పెట్టును. ఇందఱు పాటుపడుచుండఁగా శిబిరమునకుఁ బోవలసిన చిరంజీవి మాత్రము గోడకుఁ జేరగిలఁబడి ఫోను చూచుచుండును. "నాయనా, సబ్బు ఈ పక్క జేబులో పెడుతున్నాను, చూసుకో" యని తల్లి చెప్పిన మాటకు "ఊఁ" అనును. మఱునాఁటి రాత్రి ఆ సబ్బు కొఱకు గుడారమంతయు గాలించి, తుదకు మాయొద్దకు వచ్చి, "సార్, మా అమ్మ సబ్బు పెట్టలేదు" అని తల్లిమీఁద నేరము మోపును.

గత సంవత్సరము బస్సు ఎక్కుటకు ముందు, వసతిగృహమున బియ్యము తూఁచు త్రాసును వసారాలోనికిఁ దెప్పించి, నేను మూటల నన్నిటిని తూఁచితిని. ఇది యొక శిక్ష యనుకొని కొందఱు స్తంభముల చాటునకుఁ బోయిరి. ముప్పదియొక్క మూటలలో మిక్కిలి తేలికయైనది 5 కిలోలు. మిక్కిలి బరువైనది 14 కిలోలు. ఈ రెండవదానిని మోయవలసినవాఁడు ఎనిమిదవ తరగతి బాలుఁడు. వానినే త్రాసుపై నిలువఁబెట్టఁగా 38 కిలోలు తూఁగెను. మూట విప్పి చూడఁగా రెండు తలదిండ్లు, నాలుగు గిన్నెల క్యారియరు, గాజుసీసాలో మామిడికాయ యూరగాయ, మూఁడు జతల యింటి బట్టలు, వీనితోఁబాటు ఒక ఇస్త్రీపెట్టెయుఁ గనఁబడినవి. శిబిరములో ఉడుపులను పరీక్షింతురని యెవరో చెప్పిరఁట! మేము గుడారములు వేయుచోట విద్యుత్తు లేదు.

ఇదంతయు ఒక్క రాత్రి కొఱకు.

నవ్వుటకు నాకు హక్కు లేదు. నేను విద్యార్థిగా నుండి మొదటి మాఱు శిబిరమునకుఁ బోయినప్పుడు మా తండ్రిగారి యినుప ట్రంకుపెట్టెతోఁ బోయితిని. బస్సు దిగిన చోటినుండి చెఱువుగట్టు దాఁక మూఁడు మైళ్ల నడక. మొదటి మైలులోనే పెట్టె పిడి యూడివచ్చెను. నా జతకాఁడును నేనును ఒక కఱ్ఱ దూర్చి, కావడివలె మోసికొని, అందఱికంటె గంటన్నర వెనుక శిబిరము చేరితిమి. అప్పటికి గుడారములు వేసి, గంజి కాఁచి, త్రాగి, గిన్నెలు గడిగి యుండిరి. అరచేతులు పొక్కినందున మఱునాఁడు నేను త్రాఁడు పట్టలేకపోయితిని. ఇంటికి వచ్చి పెట్టె తెఱవఁగా, ఒక కంబళి, ఒక పళ్లెము తప్ప తక్కినవన్నియు మా యమ్మ పెట్టిన మడతలతోనే యున్నవి.

ఇంతవఱకును వేడుకగానే చెప్పవచ్చును. ఇఁక చెప్పఁబోవునది వేడుక కాదు.

గత సంవత్సరము పేరిచ్చినవారిలో ఇద్దఱు శనివారము ఉదయమున రాలేదు. ఒకనికి నిజముగనే జ్వరము. రెండవవాఁడు తొమ్మిదవ తరగతివాఁడు. కవాతులో మొదటి వరుసలో నిలుచువాఁడు. త్రాటికి ముడులు వేయుటలో వానిని మించినవాఁడు దళములో లేఁడు. వానికిని జ్వరమనియే కబురు వచ్చెను. మఱుసటి వారమున నొక సాయంకాలము వాని తల్లి టమాట తోటలోఁ గూలిపని ముగించుకొని వచ్చుచు దారిలో నాకు ఎదురుపడెను. "పిల్లవానికి జ్వరము తగ్గినదా యమ్మా?" అని యడిగితిని. ఆమె కొంతసేపు నావంకఁ జూచి యిట్లనెను: "జరమూ లేదు గిరమూ లేదయ్యా. మీరిచ్చిన కాగితంలో ఉండేవి మా కాడ యాడుండాయి? అప్పు తెస్తానంటే వాడే వద్దనె."

ఆ కాగితమును వ్రాసినవారిలో నేనును ఒకఁడను.

ఇంటికిఁ బోయి దానిని మఱలఁ జదివితిని. 27 వస్తువులు. స్లీపింగు బ్యాగు, దాని క్రిందఁ బఱచుకొనుటకు నురుగుచాప, నీరు చొరని బూట్లు, తలకుఁ గట్టుకొను దీపము, ఫోనునకు విద్యుత్తు నింపు పెట్టె, ఇట్లు. ఎక్కడనో మంచుకొండ లెక్కువారి కొఱకు ఎవరో కూర్చిన పట్టికనుండి మేము తెచ్చి, మా తెలివికొలఁదిఁ గొన్ని చేర్చి యిచ్చినది. తుదిని పెద్ద యక్షరములతో, "పై సామానులు లేనివారు అనుమతింపఁబడరు" అని యొక వాక్యము. ఆ వాక్యమును వ్రాయుటకు మాకు అరనిమిషమైనఁ బట్టియుండదు.

నాయభిప్రాయమును దాఁపకుండఁ జెప్పెదను. శిబిరపు పట్టిక యనునది తండ్రిని అంగడికిఁ బంపు కాగితము కారాదు. మన విద్యార్థులలో మిక్కిలి బీదవాని యింటనున్న వస్తువులతో నిండునదిగా పట్టిక వ్రాయవలెను. ఆ యింట దొరకనిది, నిజముగా అక్కఱయైనది ఏదైన నున్నచో దానిని పాఠశాలయే యీయవలెను. అట్టి పట్టికను పెట్టుకొని మూటను విద్యార్థియే, తన చేతులతోనే, కట్టవలెను. ఈ రెండును వేఱు వేఱు మాటలుగాఁ గనఁబడును గాని యొక్కటియే. అంగడిలోఁ గొన్న సామానులను సంచిలోఁ గ్రుక్కుటకు తల్లియైనఁ జాలును, సేవకుఁడైనఁ జాలును. ఇంటనున్న దానితోనే రాత్రి గడపుట యెట్లా యని యాలోచించుట మాత్రము పోవువాఁడే చేయవలసిన పని. శిబిరమువలన నేర్వవలసినదానిలో సగము ఆ శుక్రవారపు రాత్రియే యున్నది; ఆ సగమును మనము తల్లుల కప్పగించితిమి.

ఉడుపుల విషయము నేను మాటాడను. 1948 వ సంవత్సరపు చట్టముచే నేషనల్ కాడెట్ కోర్ ఏర్పడినది. ఉడుపునకు దాని నియమములు దానికిఁ గలవు. నేను చెప్పునది తక్కిన మూటను గుఱించి. అయినను ఆ సంస్థ తన ధ్యేయముగాఁ బెట్టుకొన్న మాటలు ఏకత, అనుశాసనము అనునవి. అందు ఏకత యనుమాట ముందున్నదని గమనింపుఁడు.

ఇఁక పట్టికలోని వస్తువులను చూతము. అన్నిటికంటె వెల యెక్కువైనది స్లీపింగు బ్యాగు. గత సంవత్సరము మేము పోయినది హార్సిలీకొండకు. ఏనుగు మల్లమ్మ కొండ యని దాని పూర్వనామము. హార్సిలీ యను కలెక్టరు 19 వ శతాబ్దమున అక్కడ వేసవి కొఱకు ఇల్లు కట్టుకొనినందున ఈ పేరు వచ్చినది. అది సముద్రమట్టమునకు 4,000 అడుగులకుఁ బైగా నున్నది. క్రిందనున్న మదనపల్లెయే 2,000 అడుగులకు మించిన యెత్తున నున్నది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో వేఁడిమి సుమారు ఆఱున్నర డిగ్రీలు తగ్గునని మీరు భూగోళ పాఠములోఁ జదివియున్నారు. లెక్క వేసికొనుఁడు: కొండమీఁద మనకు ఊరిలోకంటె హెచ్చయిన చలి యించుమించు నాలుగు డిగ్రీలు. గాలి వీచునప్పుడు ఇంకను కొంచెము హెచ్చుగాఁ దోఁచును. ఈ నాలుగు డిగ్రీల కొఱకు ఒక కూలివాని సంసారమును అప్పులోనికి దింపవలెనా?

వెచ్చఁదనము నిచ్చునది గుడ్డ కాదు. గుడ్డలోఁ జిక్కుకొనిన గాలి. పండుకొన్నవాని బరువుచే క్రిందిగుడ్డ నలిగి, అందలి గాలి పోవును గనుక, చలి పైనుండి కంటె నేలనుండియే హెచ్చుగా నెక్కును. మన పిల్లలు రెండు దుప్పట్లు పైనఁ గప్పుకొని, క్రింద పలుచని ప్లాస్టికు పట్టా యొకటి పఱచుకొని, తెల్లవార్లును వణఁకుదురు. ఒక గోనెసంచిని విప్పి పఱచి, దానిపై ఈతచాప వేసి, పైన నొక్క దుప్పటితోఁ బండుకొన్నవాఁడు సుఖముగా నిద్రించును. ఎండుగడ్డి దొరకినచో మఱియు మేలు. ఈ సంగతి మన ప్రాంతమున గొఱ్ఱెలు కాచువానికిఁ దెలిసినంత మనకుఁ దెలియదు. కురుబవారు నేయు నల్లని గొంగళిని చూడుఁడు. నూలుబట్ట తడిసినచో చలినే తెచ్చును. ఉన్ని తడిసినను కొంత వెచ్చఁదనమును నిలుపుకొనును. చినుకులు పడునప్పుడు అదే గొంగళి కొప్పెర యగును. ఎండలో అదే నీడ. రాత్రి అదే పఱుపు. గొంగళి బరువు గదా యందురు. నిజమే. దానిని తెచ్చువానికి రెండవ దుప్పటియు, వానకోటును, తలదిండును అక్కఱ లేదు. బట్టల సంచిని మడచి తలక్రిందఁ బెట్టుకొనుట రానివాఁడు కాడెట్టు గాఁడు.

నీరు చొరని బూట్లను గుఱించి యొక్క మాట చెప్పి విడిచెదను. శిబిరము కొఱకు కొన్న క్రొత్త బూట్లు శిబిరమునకు పనికిరావు. పదునైదు దినములైన తొడిగి నడిచి, కాలికి అలవాటైన పాతబూట్లే మంచివి. గత సంవత్సరము మడమలు పొక్కి కూలఁబడిన నలుగురును క్రొత్త బూట్లవారే.

దీనినిబట్టి నేను పట్టికలోని వస్తువు లన్నియుఁ గొట్టివేయవలె నందునని తలఁపకుఁడు. పాత పట్టికలో లేనిది, నేను తప్పక చేర్చఁగోరునది యొకటి కలదు: దోమతెర. దీనిని సుకుమారుల వస్తువని మనవారు నవ్వుదురు. నేలపైఁ బండుకొనువారిని రాత్రివేళ కఱచునది ముఖ్యముగాఁ గట్లపాము. దాని కాటు తఱచు నొప్పి పెట్టదు. నిద్రలో నున్నవానికిఁ దెలియకయే పోవచ్చును. దోమతెర యంచులను చాపక్రిందికి చక్కఁగా దోపి పండుకొన్నవానికి పాము చేరుట మిక్కిలి యరుదు. దోమతెర అరకిలోకు మించని వస్తువు, మడచినచో రొట్టెముక్కంత. ఇది పిల్లవాని ప్రాణమునకు సంబంధించినది గనుక, ఉన్నవాఁడు తెచ్చుకొనును, లేనివాఁడు దేవునిపై భారము వేయును అనుటకు వీలులేదు. పాఠశాలయే కొని యుంచవలెను. రాత్రి గుడారము దాఁటి యడుగు పెట్టునప్పుడు చేతిదీపమును అట్లే తప్పనిది. ఉదయమున బూట్లు తొడుగుటకు ముందు తలక్రిందులుగా దులుపుటకు మాత్రము వెల యేమియు లేదు, తేళ్ల కొఱకు. ఒకవేళ పాము కఱచినచో కోయుట, కట్టుట, పీల్చుట మొదలైనవి చేయక, కఱచిన కాలినిగాని చేతినిగాని కదలనీయక, విషమునకు విరుగుడు మందు ఉండు ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. కాఁబట్టి కాడెట్టులు మూటలలోఁ దెచ్చు బ్లేడులు, మంత్రించిన వేళ్లు ఇంటనే యుండనిండు.

నీళ్లసీసా మఱియొకటి. లీటరు నీరు కిలో తూఁగును. రెండు లీటర్లకు మించి మోయవలదు. పోవుచోట మంచినీరు కలదా లేదా యని ముందుగా నొకరు పోయి చూచివచ్చుట ఉపాధ్యాయుల పని. ఆ పనిని చేయక, "అయిదు లీటర్లు తెండు" అని వ్రాయుట మా సోమరితనము.

ఇఁక గుడారమునకొక పట్టిక యుండవలెను గాని తలకొక పట్టిక యుండరాదు. గత సంవత్సరము ఎనిమిదిమంది యున్న యొక గుడారములో నేను లెక్కింపఁగా ఎనిమిది చాకులు, ఎనిమిది పళ్లపొడి గొట్టములు, అయిదు తాళపుకప్పలు నున్నవి. అగ్గిపెట్టె లేదు! ప్రతివానికిని తనకుఁ గావలసినది వ్రాసియిచ్చితిమి. అందఱికిఁ గావలసినది ఎవఁడును దేలేదు. ఎనిమిదిమందికి ఒక బకెట్టు, ఒక గరిటె, ఒక చాకు, ఒక త్రాఁడు, ఒక సూదియు దారమును, ఒక అగ్గిపెట్టె చాలును. మందులపెట్టె దళమంతటికిని ఒకటి. అందు ఉప్పు, పంచదార తప్పక యుండవలెను: విరేచనము లైనవానికి కాఁచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు టీచెంచాల పంచదారయు, అరటీచెంచా ఉప్పును, చెంచాను గోపురముగా నింపక, కలిపి యీయవలెను. ఇట్లు పంచుకొన్నచో నొకఁడు బకెట్టును, ఒకఁడు త్రాటిని, ఒకఁడు ఉల్లిపాయలను మోయును. కొనలేనివాఁడు మోయఁగలఁడు. నేను చెప్పిన తొమ్మిదవ తరగతి బాలుఁడు త్రాటిని మోసియుండెడివాఁడు. మోసి, గుడారము నిలిపియుండెడివాఁడు.

ఇది క్రొత్త యాలోచన గాదు. స్కౌటు ఉద్యమమునకు మొదలని యెంచఁబడు శిబిరమును బేడెన్ పావెలు 1907 ఆగష్టులో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున నడపెను. వచ్చిన బాలురు సుమారు ఇరువదిమంది. వారిలోఁ గొందఱు ఈటన్, హారో వంటి ధనికుల పాఠశాలలవారు. కొందఱు పూల్, బోర్న్‌మత్ పట్టణములలోని శ్రామికుల బిడ్డలు. ధనికుల బిడ్డలనుండి ఒక పౌనును, తక్కినవారినుండి మూఁడున్నర షిల్లింగులను రుసుముగాఁ బుచ్చుకొనిరి. అనఁగా నాఁటి లెక్కను అయిదవవంతుకంటెఁ దక్కువ. వీరిని వేఱు వేఱుగా నుంచక, కలిపి దళములుగా విభజించిరి. తరగతి భేదములు మనకంటె నెంతో హెచ్చుగానున్న ఆ దేశమున, ఆ కాలమున, ఇది సాధ్యమైనది. మా కాగితములోని చివరి వాక్యము నాకు మఱల మఱల జ్ఞప్తికి వచ్చుచున్నది.

బరువు సంగతి. బడిసంచి బాలుని బరువులో పదవవంతునకు మించరాదని కేంద్ర విద్యాశాఖవారు 2020 లో విధానముగాఁ బ్రకటించిరి. శిబిరపు మూట దినదినము మోయునది కాదు గనుక ఏడవవంతు దాఁక నేను ఒప్పుకొందును: 42 కిలోల బాలునికి, నీటితోఁ గూడ, 6 కిలోలు. ఇది చాలదందురు. గత సంవత్సరము 5 కిలోల మూట తెచ్చినవాఁడు మన వసతిగృహపు బాలుఁడు. వాఁడు రెండు దినములును కన్నుల నీరు పెట్టుకొనలేదు. ఎవరినిఁ గాని యెరువు అడుగలేదు. పైఁగా పదునాలుగు కిలోలవానికి కొండదారిని సాయము పట్టెను. దోమతెర యొక్కటియే వానికి కొఱఁత.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న చెన్నపట్టణమునుండి బయలువెడలి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3 న తిరిగివచ్చిరి. వారికి పల్లకి, బోయీలు, డేరాలు, పరివారము నుండెను. వారి గ్రంథమును చదివినవారు దారివెంట బసలకును, సామగ్రికిని ఆయన పడిన శ్రద్ధను ఎఱుఁగుదురు. పదునైదు నెలల ప్రయాణమునకు అది తగును. మఱియొక వైపున రోమను సేనాని మారియసు తన సైనికులచేతనే వారి సామానులను మోయించెను. బండ్ల కొఱకు సేన నిలువఁబడుట ఆయనకు గిట్టదు. అందుచే వారికి మారియసు కంచరగాడిదలని పేరు వచ్చినది. మన పిల్లలు వీరాస్వామయ్యగారి సామానులు కట్టుకొని, మారియసు సైనికులవలె మోయఁజూచుచున్నారు, అదియే చిక్కు.

మూట కట్టుట యెట్లో విద్యార్థులకు రెండు మాటలు. అన్నిటిని మొదట చాపపైఁ బఱచుఁడు. పఱచినవానిని చూచి, ఏది యే గడియలో వాడుదునని యొక్కొక్కదానిని ప్రశ్నించుఁడు. సమాధానము చెప్పలేని వస్తువును తీసివేయుఁడు. "ఒకవేళ" యను మాటతో మొదలగు సమాధానము సమాధానము కాదు. వానకును, పామునకును తప్ప. పఱుపును, రాత్రి బట్టలును సంచి యడుగున. బరువైనవి వీపునకు దగ్గఱగా, భుజములకుఁ గొంచెము క్రిందుగా. ముందుగాఁ గావలసినవి పైన. బరువు వీపునకు దూరమైనకొలఁది సంచి మిమ్ము వెనుకకు లాగును. మీరు ముందుకు వంగుదురు. మైలు పోవునప్పటికి నడుము పట్టును. బట్టలను బియ్యపుసంచిలోని పాలిథీను తిత్తిలో నుంచి మూతి కట్టినచో వానకు తడియవు. టార్చిలో బ్యాటరీల నడుమ ఒక కాగితపుముక్క నుంచినచో సంచిలో తనంతట తాను వెలుఁగదు. ఊరగాయ గాజుసీసాలో వలదు. ఆ నూనె దుప్పటికంటినచో ఏమగునో పోయిన సంవత్సరము చూచితిరి. కట్టిన మూటను వీపున వేసికొని వీధి చివరదాఁక పోయి రండు. వచ్చిన పిమ్మట మఱల విప్పుదురు. అది నాకుఁ దెలియును.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. కొందఱు ఉపాధ్యాయ మిత్రులు, గొంగళి యొకఁడు, దుప్పటి యొకఁడు, బొంత యొకఁడు తెచ్చినచో పరీక్షవేళ వరుస అందముగా నుండదనుచున్నారు. వరుస అందమునకు ఉడుపు కలదు. పఱుపులను ఒకే కొలతకు మడచి, ఒకే గీఁతపై నుంచుట నేర్పినచో బొంతయు అందముగనే యుండును. మడత నేర్పుట మన చేతిలోని పని. రెండవ ఆక్షేపణ తల్లులది. బిడ్డ యేదియో మఱచిపోవునని వారి దిగులు. అమ్మలారా, మఱచిపోవును. సబ్బు మఱచిపోవును, తువాలు మఱచిపోవును. ఒక్క రాత్రిలో సబ్బు లేనందువలన ఎవఁడును చెడిపోఁడు. రెండవ సంవత్సరము తానే మొదట సబ్బును సంచిలో వేయును. మీ మురుకులను మాత్రము నేను వలదనను. అవి గుడారమునకంతకును పంచునన్ని యుండనిండు, లేదా పంపకుండుఁడు.

ఆ తొమ్మిదవ తరగతి బాలుఁడు ఇప్పుడు పదవ తరగతిలో నున్నాఁడు. ఇది వానికి ఈ పాఠశాలలో కడపటి శిబిరము. ఈ సంవత్సరపు పట్టికను నేను వ్రాసి ప్రధానోపాధ్యాయులవారికి సమర్పించితిని. తలకు పండ్రెండు వస్తువులు, గుడారమునకు ఎనిమిది. చివరి వాక్యమును తీసివేసి, దానికి బదులు, "ఇందులో ఇంట లేనిది ఏదైన నున్నచో బుధవారములోపల చెప్పుఁడు, ఇచ్చెదము" అని వ్రాసితిని. ఆ చెప్పుట యైనను పదిమంది యెదుట కాదు. కాగితమును మడచి నా బల్లమీఁది పెట్టెలో వేసిన చాలును. దోమతెరలకును, గోనెపట్టాలకును కావలసిన సొమ్ములో సగము పూర్వవిద్యార్థు లొకరు ఇచ్చిరి. తక్కిన సగము కొఱకే ఈ పత్రికాముఖమున అడుగుచున్నాను.

శిబిరమునకు ముందటి గురువారము సాయంకాలము అయిదు గంటలకు త్రాసును వసారాలో నుంచెదను. మూటలను మీరే కట్టి, మీరే మోసికొని అక్కడకుఁ దెండు. స్తంభముల చాటునకుఁ బోవలదు. ఈ మాఱు మొదట తూఁచునది నా మూటనే.